అమావాస్య ముందు పిన్ని

ఆరో తరగతిలో బడి మానేసిన నాకు క్యాలెండర్‌లో ఎర్ర అంకెలు చదవడమే వచ్చు. అమావాస్య దగ్గర పడిందని తెలియాలంటే పక్కింటి పిన్ని మా గుమ్మంలోకి రావాలి.

ఆశ్వయుజంలో చంద్రుడు సన్నబడే కొద్దీ పిన్ని ముఖం పాలిపోయేది. అమావాస్య చీకట్లో రెక్కల పురుగు పత్తి మీద గుడ్లు పెడుతుంది. వారం తిరక్కముందే పచ్చపురుగు కాయలన్నీ తొలిచేస్తుంది. తొంభైల చివర అలా చేను పోయిన ఏడాదే బాబాయి పురుగుమందు తాగి చనిపోయాడు. అప్పటినుంచి ఆ రోజులు రాగానే పిన్ని వీధిలో ఇంటింటికీ వెళ్ళి, "మందు డబ్బా నా దగ్గర పెట్టండయ్యా, కొట్టేటప్పుడు పట్టుకుపోండి" అని చేతులు చాపేది. ఇచ్చినవన్నీ ట్రంకుపెట్టెలో పెట్టి, తాళంచెవి కొంగున కట్టుకునేది. కసిరినవాళ్ళ గుమ్మంలో కూర్చుంటే, ఇచ్చేదాకా లేచేది కాదు.

ఒక ఏడు నా చేను నిండా పురుగే. డబ్బా కోసం పిన్ని వచ్చి చేతులు చాపింది. భయం నాకూ ఉంది, కానీ నా నాలుక ఊరుకోదుగా.

"నాకెందుకు పిన్నీ కాపలా? చచ్చేంత తీరిక నాకేదీ? ఊరందర్నీ నవ్వించాలా వద్దా?" అన్నాను.

పిన్ని నవ్వలేదు. డబ్బా నా చేతిలోంచి లాక్కుంది.

"మీ బాబాయి కూడా ఆ పొద్దు అందర్నీ నవ్వించాకే ఇంటికొచ్చాడ్రా."