నాయన తుడిచిన అద్దాలు

మా నాయన ఇరవయ్యేళ్లు కదలని ఓడలో పనిచేశాడు. సముద్రంలో ఒకేచోట లంగరు వేసుకుని, వచ్చేపోయే ఓడలకు దారి తెలిసేలా దీపం చూపించే ఓడ అది. రాచర్లలో గొర్రెలు కాసే ఇంట్లో పుట్టినవాడికి ఆ దీపం గది అద్దాలు తుడిచే పని దొరికింది. సెలవుకు వచ్చినప్పుడు లాంతరు గాజు మీద మా వేలిముద్ర కనిపిస్తే చాలు, తిట్లు.

ఆ ఓడను పనిలోంచి తీసేసి, రేవులో కట్టేసి, పగలు హోటలు, రాత్రి డాన్సు క్లబ్బు చేశారని ఎవరో చెప్పారు. అప్పటి నుంచి నాయనది ఒకటే పాట.

"మోకాళ్లు పూర్తిగా పోకముందే ఒక్కసారి ఆ దీపం చూపియ్యమ్మా."

గిద్దలూరులో రైలెక్కి, ఒకటిన్నర రోజు కూర్చుని పోయాం. నా నడుము సంగతి ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం లోపలికి అడుగుపెడితే ముందురోజు ఒలికిన బీరు వాసన ఇంకా వదల్లేదు. బిరియానీ చెప్పాక నాయన మెట్ల వైపు నడిచాడు. మేనేజరు అడ్డం వచ్చాడు.

"పెద్దవాళ్లను పైకి పంపం మేడమ్. మెట్లు నిటారుగా ఉంటాయి."

"మీరు పుట్టకముందు నుంచి ఎక్కినాడు ఆ మెట్లు. మీకన్నా ఆయనకే బాగా తెలుసు."

"పడితే ఎవరిది బాధ్యత?"

"నాది. రాసిస్తా, పెన్ను ఇయ్యండి."

"ఊరుకోమ్మా, ఆయప్ప ఉద్యోగం ఆయప్పది," అన్నాడు నాయన, అప్పటికే ఒక కాలు మెట్టు మీద పెట్టి.

గెలిచాను. మెట్టుమెట్టుకూ ఆగుతూ ఆయన, వెనక నడుం పట్టుకుని నేను.

పైన దీపం లేదు. దాని చోట గుండ్రటి సోఫా, పైన రంగులు చిమ్మే అద్దాల బంతి.

"పాతసామానుకు వేసేశారండీ," అన్నాడు మేనేజరు, గొంతు తగ్గించి.

గది చుట్టూ కిటికీ అద్దాలు మాత్రం పాతవే, వాటినిండా వేలిముద్రలు. నాయన భుజం మీది తువ్వాలు తీసి, నోటి ఆవిరి ఊది, ఒకటి తుడిచాడు. తర్వాత రెండోది. మూడోదానికి చెయ్యి లేవలేదు. నేను తుడిచాను. అంచులు వదిలేశావన్నాడు. మళ్లీ తుడిచాను. కింద బిరియానీ చల్లారిపోయింది.

రాచర్లలో ఆటో దిగీదిగకముందే ఎదురింటి అత్త పలకరించింది.

"ఏమన్నా, ఉండాదా నీ దీపం?"

"ఉండాది. బాగా పెట్టుకున్నారు," అన్నాడు నాయన, నా వైపు చూడకుండా.

"ఏమ్మే, నిజమేనా? మీ నాయన మాటలన్నీ నమ్మలేం."

ఎవరన్నా తప్పు మాట అంటే మూడు వీధుల దాకా వెంటపడి దిద్దే మనిషిని నేను. సంచులు అరుగు మీద దించాను.

"ఉండాదత్తా. అద్దాలు గూడా తళతళ మెరుస్తుండాయి," అన్నాను.

మూడు అద్దాల మటుకు అది నిజమే.