కోటకు లింకు డాక్యుమెంట్లు

అమెరికాలో, మేముండే ఆష్‌బర్న్‌లో మా పక్కింటి ఆవిడ పూర్వీకులది క్రొయేషియా. ఆవిడ డెబ్బై దాటిన రిటైర్డ్ నర్సు. ఏప్రిల్ మొదటి శనివారం ఉదయం (డైరీలో ఉంది కనుక నిస్సందేహంగా చెప్పగలను) ఒక ఫైలు పట్టుకుని మా వంటింట్లోకి వచ్చారు. నెలాఖరున మా లైబ్రరీలో ఒక సభ ఉంది. ఎవరి పూర్వీకుల ఊరి కట్టడం గురించి వాళ్లు పది నిమిషాలు మాట్లాడాలి. ఆవిడ తన తల్లి పెరిగిన కోట గురించి మాట్లాడతానని పేరిచ్చారు.

"చేతులు మారి మారి ఎవరి తరువాత ఎవరో కుదరడం లేదు. మీరైతే వరుసగా రాస్తారు," అన్నారు ఇంగ్లీషులో.

స్థిరాస్తి అన్న మాట వింటే నా నోట మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "లింకు డాక్యుమెంట్లు ఉన్నాయా?" ఎవరి నుంచి ఎవరికి, ఏ హక్కుతో వచ్చిందో మొదటి యజమాని దాకా తేలనిదే మనవాళ్లు అడ్వాన్సు ఇవ్వరు. నాకు ఆ అలవాటు సముద్రాలు దాటినా పోలేదు.

"డాడీ, ఇది కాసిల్. శంకర్‌పల్లిలో ప్లాట్ కాదు," అంది హైస్కూల్లో చదివే మా అమ్మాయి.

"ఊకో బిడ్డా. మీ డాడీ ఇప్పుడు రిజిస్ట్రార్ ఆఫీసుల ఆ రాజుగారి ఈసీ గూడ తీయమంటరు," అంది మా ఆవిడ, దోసె తిరగేస్తూ.

నేను పెద్ద అట్ట మీద గళ్లు గీశాను. ఒక ప్రభువంశం కోట కట్టించింది. వారికి మగసంతానం లేక, కూతురి పెళ్లితో అది అల్లుడి వంశానికి చేరింది. ఆ వంశంలో ఒక మునిమనవడు పైకప్పు బాగు చేయించలేక కలప వ్యాపారికి అమ్మేశాడు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత యుగోస్లావ్ ప్రభుత్వం దాన్ని జాతీయం చేసి అనాథ పిల్లల వసతిగృహంగా మార్చింది. క్రొయేషియా స్వతంత్ర దేశమయ్యాక అది ఊరి పురపాలక సంఘానికి దక్కింది. ఇప్పుడు ఒక హోటల్ సంస్థ చేతిలో ఉంది.

"ఒక్క లింకూ తెగలేదండీ. టైటిల్ క్లియర్!" అని ప్రకటించాను.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని అట్టను పైనుంచి కిందికి చదివారు. మళ్లీ పైకి వెళ్లారు.

"ఇందులో మావాళ్ల పేరు లేదు," అన్నారు. "మా అమ్మ ఆ వసతిగృహంలో అనాథ. నేను మాత్రం జీవితమంతా 'మా కోట' అని చెప్పుకున్నాను. సభలో ఎవరైనా 'మీవాళ్లు ఎప్పుడు కొన్నారు?' అని అడిగితే ఏం చెప్పను? లైబ్రరీకి ఫోన్ చేసి నా పేరు తీసేయమంటాను."

గొలుసు సరిగా కుదిరిందన్న సంతోషంలో ఆ గొలుసు ఎవరి కోసమో మరిచాను. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే మా ఆవిడ స్టవ్ ఆపి వచ్చి అట్ట చూసింది.

"మా బాపు పొలం పహాణీల పట్టాదారు ఒకలుంటుండె, దున్నేటోళ్లు ఇంకొకలుంటుండె. రెండు పేర్లు రాస్తుండిరి గదా! మీరు ఒక్క గడే గీసిండ్రు."

నిజమే. పొలం ఎవరిదో రాసే గడి పక్కన, ఆ నేలను ఎవరు అనుభవిస్తున్నారో రాసే గడి మన రికార్డులో ఉంటుంది. నేను రెండో గడి గీసి, దాని అర్థం ఆవిడకు ఇంగ్లీషులో వివరించాను. ఆవిడ మార్కర్ నా చేతిలోంచి తీసుకున్నారు.

కలప వ్యాపారి ఆ కోటలో ఒక్క రాత్రి కూడా పడుకోలేదట. అతని పక్క గడిలో "కాపలావాడు, భార్య, మేకలు" అని రాశారు. ప్రభుత్వం పక్క గడి ఆవిడకు చాలలేదు. నాట్యశాల నిండా ఇనుప మంచాలు. ప్రభువుల నిలువుటద్దం ముందు జడల కోసం వరుసగా నిలబడిన ఆడపిల్లలు. జామ్ సీసాలు దాచే వంటావిడ. చివర తల్లి పేరు పెద్ద అక్షరాలతో రాశారు.

"మేకలకు గూడ జాగ దొరికె," అని మా ఆవిడ నవ్వింది. నేను దాన్ని అనువదించగానే ఆవిడా నవ్వారు. ఫోన్ మాట మళ్లీ ఎత్తలేదు.

సభలో ఆవిడ ఆ అట్టనే పైకెత్తి పట్టుకున్నారు. భయపడ్డ ప్రశ్న రానే వచ్చింది. ముందు వరుసలో ఒక పెద్దమనిషి, "అయితే మీ కుటుంబం దీనికి యజమాని కాదన్నమాట?" అన్నాడు.

"కాదండీ. మా అమ్మ ఆ కోట మెట్ల కమ్మీ మీద పై అంతస్తు నుంచి కింద దాకా జారేది. యజమానుల్లో ఒక్కరైనా జారి ఉంటే చెప్పండి, ఈ అట్ట మీద మా అమ్మ పేరు కొట్టేస్తాను."

హాలు గొల్లుమంది. ఆ పెద్దమనిషే ముందుగా చప్పట్లు కొట్టాడు. "మా కోటలో చలికాలం..." అంటూ ఆవిడ కొనసాగించారు. లైబ్రేరియన్ సమయం అయిందని చెప్పడానికి లేచి, చలికాలంలో ఏమైందో విందామని మళ్లీ కూర్చుంది.