గోంగూర మడి, గాలి తుపాకి

తుపాకి కావాలని అడిగింది నేనే. మామా కొడుకు తనంతట తాను తేలేదు.

కువైట్‌లో ఇంటి యజమానురాలిని మామా అంటాం. వఫ్రాలో ఆ మామా వాళ్లకు ఒక తోట ఉంది. ఇక్కడికి రాకముందు నేను సిటీలో, బ్నీద్ అల్ గార్‌లో వాళ్లింట్లోనే ఉండేదాన్ని. అక్కడి పిల్లలు నా చేతుల మీదే పెరిగారు. వాళ్లు పెద్దవాళ్లయ్యాక ఇంట్లో ఇంకో పనిమనిషిని పెట్టుకుని నన్ను ఈ తోటకు పంపారు. శుక్రవారాలు ఇంటిల్లిపాదీ వస్తారు. మిగతా రోజుల్లో నేను, కోళ్లు, ఇద్దరు బంగ్లాదేశ్ పనివాళ్లు, తోట కాపలా చూసే రాయచోటి సాయిబు. అతను నన్ను అక్కా అంటాడు, నేను భాయ్ అంటాను. వారమంతా నాకు తెలుగు వినిపించేది ఆ ఒక్క నోట్లోంచే.

నీళ్ల ట్యాంకు వెనక కొంచెం చెమ్మ నేల ఉండేది. దాన్ని చూపించి మామా ఒకసారి, "ఆ మూల నీది, ఏం వేసుకుంటావో వేసుకో" అంది. ఇన్నేళ్ల కువైట్‌లో నాది అని ఎవరైనా చూపించింది ఆ మూల ఒక్కటే. మా చెల్లెలు ఇచ్చిన ఎర్ర గోంగూర విత్తనం వేశాను. ఉప్పదనం ఉన్న నీళ్లయినా బాగానే వచ్చింది. కూరగాయల వ్యాన్ ఫర్వానియా వెళ్లేటప్పుడు నాలుగు కట్టలు అందులో పెట్టేదాన్ని. అక్కడ గదుల్లో ఉండే మనవాళ్లు వండుకునేవారు. ఇక్కడ నా పనిలో నాకు తృప్తినిచ్చింది అదే.

యాభై దాటాక ఫోన్‌లో పాఠాలు చూస్తూ అక్షరాలు నేర్చుకున్నాను. కనిపించిన వాటన్నిటి మీదా రాసే పిచ్చి పట్టుకుంది. పెయింటు డబ్బా మూత మీద నల్లరంగుతో 'గోంగూర' అని రాసి, పుల్లకు కట్టి మడిలో పాతాను.

కుందేళ్లు మామా మనవల వల్ల వచ్చాయి. ఫ్రైడే మార్కెట్‌లో ముచ్చటపడి కొన్నారు, నాలుగు రోజులకు మోజు తీరింది, తెచ్చి తోటలో వదిలేశారు. అవి ట్యాంకు దిమ్మె కింద బొరియలు తవ్వుకుని పిల్లల మీద పిల్లల్ని పెట్టాయి. నీళ్ల పైపులు కొరికాయి, నిమ్మ మొక్కల బెరడు చెక్కేశాయి. పొద్దు వాలే వేళకు నా మడి మీద పడి లేత చిగుళ్లన్నీ కోసుకు తినేవి. ముళ్లకంప పెట్టాం, కింద నుంచి దూరాయి. వల కట్టాం, కొరికేశాయి. చివరకు కారం కలిపిన నీళ్లు చల్లాను.

మర్నాడు భాయ్ వచ్చి చూసి నవ్వాడు.

"కారం చల్లితే ఇంగా రుచిగా తిన్యాయి క్కా. ఇవి మా సీమ కుందేళ్లు మాదిరుండాయే."

"నీకు నవ్వులాటగా ఉంది. ఎంతకని కాపలా కాత్తాను నేను?"

"తుపాకి ఉంటే తప్ప ఇవి పోవు."

ఆ మాట పట్టుకుని శుక్రవారం మామా దగ్గరికి వెళ్లాను. నా మడి సంగతి చెబితే ఎవరికి పట్టింది? అందుకని పైపుల సంగతి, నిమ్మ మొక్కల సంగతి ముందు చెప్పి, మడి సంగతి చివర్లో చెప్పాను. మామా కొడుకును పిలిచి చెప్పింది. పై వారమే అతను పొడుగాటి పెట్టెతో దిగాడు. అందులో గాలి తుపాకి ఉంది. దానికి చిన్న చిన్న సీసం గుళ్లు, పైన చూడటానికి గొట్టం అద్దం.

కుందేళ్లను కొట్టే ముందు గురి సరిచూసుకోవాలట. గుండ్రంగా, తెల్లగా ఏముందా అని చుట్టూ చూశాడు. నా మూత కనిపించింది. నేను కోళ్లకు మేత వేస్తూ చూస్తున్నాను. కారు బానెట్ మీద మోచేతులు ఆనించి టక్కు టక్కుమని కొడుతుంటే, నేను కష్టపడి దిద్దిన సున్నా ముందు పోయింది, తర్వాత రకారం పోయింది. అక్షరాలని అతనికి తెలియదు. తెలిసినా ఆగేవాడు కాదేమో. పోనీలే, కుందేళ్ల పీడ వదులుతుందిగా అనుకున్నాను.

వదులుతున్నట్టే ఉంది మొదట్లో. అతని గురి మంచిది. తలకు తగిలితే అవి ఉన్నచోటే పడిపోయేవి. వాటిని వాళ్లింట్లో ఎవరూ ముట్టరు, పనివాళ్లను తినమన్నాడు. దాంతో భాయ్‌కి ఇబ్బంది వచ్చింది. గుండు దెబ్బకే చచ్చినది వాళ్లకు పనికిరాదు. ప్రాణం ఉండగా బిస్మిల్లా చెప్పి కత్తితో కోస్తేనే తింటారు. అందుకని అతను మామా కొడుకును బతిమాలి, తలకు కాకుండా వెనక కాళ్లకు కొట్టించాడు. కాళ్లు విరిగిన కుందేలు ముందు కాళ్ల మీద ఈడ్చుకుంటూ పోతుంటే వీళ్లు కత్తి పట్టుకుని వెనక పరిగెత్తేవారు. కుందేలుకు గొంతు ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. చంటిపిల్ల ఏడ్చినట్టు ఏడుస్తుంది.

"తలకి కొడితే ఒక్క దెబ్బతో పోద్ది కదా భాయ్. ఈ హింసేంటి?"

"అట్ల సచ్చిపోతే మాకు తినేకి రాదు క్కా. మాంసం మొగం చూసి ఎన్నాళ్లయిందో నీకు తెలీదా?"

"తినకపోతే మానెయ్యి. దాన్ని ఏడిపించి తింటావా?"

"సంపమని చెప్పిందెవరు? నువ్వు గదా."

 నా మడిలో చిగుళ్లు మళ్లీ వచ్చాయి. ఆ సంతోషం కొద్దీ ఆ ఏడుపు వినపడనట్టు గిన్నెలు గట్టిగా తోముకునేదాన్ని.

దెబ్బలు తిన్నాక కుందేళ్లు తెలివిమీరాయి. బయటికి రావడం మానేసి, బొరియలోంచి సరాసరి నా గోంగూరలో దూరేవి. మొక్కలు అప్పటికి నా భుజం దాకా పెరిగి, పూత అయిపోయి కాయ మీద ఉన్నాయి. కాయలు ఎండితే విత్తనం తీసుకోవాలని చూస్తున్నాను. ఆ శుక్రవారం మామా కొడుకు కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఒక్కటి కూడా కనిపించలేదు. లేచి చేత్తో మడి చూపించి, "ఇది అడ్డం. తీసేయండి, ఖలాస్" అన్నాడు.

నేను మామా దగ్గరికి పరిగెత్తాను. మూల నాదని మీరే ఇచ్చారు కదా అన్నాను. ఆమె కసురుకోలేదు. కసురుకున్నా బాగుండేది.

"ఆకే కదా. జమియా కొట్లో ఏ ఆకు కావాలో చెప్పు, డ్రైవర్ తెచ్చి పెడతాడు. తుపాకి అడిగింది నువ్వే, ఇప్పుడు వద్దంటే ఎలా?" అంది.

నేను వెనక్కి వచ్చేసరికి భాయ్ కొడవలి పట్టుకుని మడి గట్టు మీద ఉన్నాడు.

"కాయ ఎండేదాకా ఆగు భాయ్. విత్తనవైనా దక్కుద్ది."

"నేను ఆగుతా క్కా. ఆయప్ప ఆగల్ల గదా." నా వైపు చూడకుండానే వంగాడు. "నేను కొయ్యకుంటే ఇంగొకడు కోస్తాడు. నన్ను ఈడ ఉండనిచ్చే ఇఖామా కాయితం ఆయన చేతిలో ఉండాది."

పచ్చి కాయలు చిదిపి చూశాను, లోపల గింజ తెల్లగా ఉంది. అది మొలవదు. కోసి పడేసిన మొక్కల పక్కన కూర్చుని, వాడిపోకముందే ఆకంతా దూసి సంచుల్లో కుక్కి వ్యాన్‌లో ఫర్వానియాకు పంపించాను. మర్నాడు అక్కడి పిల్ల ఒకతె ఫోన్‌లో మాట పంపింది. "ఈసారి బోల్డంత పంపావు పిన్నీ. గదికి ఓ కట్ట వచ్చింది. నీ చెయ్యి చల్లగుండ." 

మడి పోయాక తోట ఈ చివర నుంచి ఆ చివరకు చూపు సాఫీగా వెళుతోంది. మామా కొడుకు స్నేహితులు కూడా రావడం మొదలుపెట్టారు. కుర్చీలు, టీ ఫ్లాస్కులు, నవ్వులు. అలా కొడుతుండగా కుందేళ్లు పలచబడ్డాయి. ఒక శుక్రవారం ఒక్కటీ రాకపోతే స్నేహితులు ఊరికే తిరిగి వెళ్లిపోయారు. అతనికి చిన్నతనం అయినట్టుంది. భాయ్‌ను పిలిచి, మిగిలిన వాటిని బెదరగొట్టొద్దని, మేత పెట్టి మచ్చిక చేసుకోమని, పిల్లల్ని పెట్టనివ్వమని చెప్పాడు. అన్నీ చచ్చిపోతే ఇంక కొట్టడానికి ఏముంటుంది?

మేత పెట్టే పని నాకు అప్పజెప్పారు. రోజూ ఎండ తగ్గాక జత్ గడ్డి మోపు మోసుకెళ్లి మడి ఉన్నచోట పరుస్తాను. మొదట్లో బెదిరేవి, ఇప్పుడు నా కాళ్ల దగ్గరికే వస్తున్నాయి. పైపులు మళ్లీ కొరుకుతున్నాయి. ఈసారి వాటి గురించి ఎవరూ అడగడం లేదు.

"కోళ్ల గూడు యెనకాల జాగా ఉంది గదా, ఆడ ఏమన్నా ఏసుకో క్కా" అన్నాడు భాయ్ మొన్న.

"ఏసి? మళ్లీ ఇవి తింటే ఎవర్ని పిలవను?" అన్నాను.

 శుక్రవారాలు గడ్డి పరిచాక కుర్చీల వైపు నుంచి, ఇక కదలమన్నట్టు, "యల్లా" అని అరుస్తారు. నేను గుళ్లకు అడ్డం రాకుండా పక్కకు తప్పుకుంటాను.