మా మిద్దె మీద దిగిన తెల్ల పావురం

ఆ తెల్ల పావురం మా మిద్దె మీదే దిగింది. ఎదురింటి అన్న వచ్చి అడిగితే, "లేదన్నా, మా దిక్కు రాలే" అని చెప్పాను. ఆ మాట సరిదిద్దడానికి నాకు పదేళ్ళకు పైనే పట్టింది. పావురాల సంగతి తెలియనివాళ్ళకు ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. పిట్ట ఒకటి పోతే ఏమైంది అనుకోవచ్చు. పోయింది పిట్ట ఒక్కటే అయితే నేనూ ఇది రాసేవాణ్ణి కాదు.

డెబ్బైల మొదట్లో మాట. పట్నంలో కార్వాన్ బస్తీలోని మా గల్లీ ఎంత ఇరుకంటే, ఎదురింటి మిద్దె మీద ఎవరైనా దగ్గితే మా మిద్దె మీద వినిపించేది. నేను ఒక సేటు ధాన్యం గోదాములో పని చేసేవాణ్ణి. పొద్దంతా బస్తాలు దింపి, ఎక్కించి, ముక్కులోనూ చెవుల్లోనూ దుమ్ముతో ఇల్లు చేరేవాణ్ణి. నేల మీద రాలిన జొన్నలు, సజ్జలు ఊడ్చి తెచ్చుకోవడానికి సేటు ఒప్పుకున్నాడు. నేను పావురాలు పెంచగలిగింది అందుకే. మా అమ్మకు మాత్రం ఆ సంగతి మింగుడుపడేది కాదు.

"కడిగి ఆరబోస్తే గట్క వండుకోనీకన్న పనికొస్తుండె. పిట్టలకు మేపుడు నీ వంతు, వాటి పెంట ఎత్తుడు నా వంతు" అని సణిగేది.

"పెంట నేనే ఎత్తుతున్న గదనే."

"ఎత్తుతవ్, ఐతారం ఐతారం." ఆదివారానికి ఒక్కసారేనని ఆమె ఎత్తిపొడుపు.

ఎదురింటి అన్న కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. నాకంటే కొన్నేళ్ళు పెద్ద. చుట్టరికం లేకపోయినా అన్నా అనే పిలిచేవాణ్ణి, వాళ్ళ నాన్నను పెద్దబాపూ అనేవాణ్ణి. పెద్దబాపు నీళ్ళ పైపులు వేసే పని చేసి, అప్పటికి ఇంటి పట్టున ఉంటున్నాడు. అన్న డ్యూటీలో ఉన్నప్పుడు వాళ్ళ పావురాలను ఆయనే ఎగరేసేవాడు. నాకు మొదటి జోడు ఇచ్చింది కూడా ఆయనే. పావురం కాళ్ళను రెండు వేళ్ళ మధ్య ఇరికించి, బొటనవేలు వీపు మీద ఆనించి ఎలా పట్టుకోవాలో చూపించాడు. "పిసకకు, అది పిండి ముద్ద కాదు" అన్నాడు. నా చేతిలో దాని గుండె ఎంత వేగంగా కొట్టుకుందో ఇప్పటికీ గుర్తుంది.

ఈ పిచ్చి ఎందుకని చాలామంది అడిగేవారు. నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయేవాణ్ణి. మా గల్లీలో ఒకాయన పాడైన రేడియోలు విప్పి మళ్ళీ బిగించేవాడు, అవి పలికినా పలకకపోయినా. ఇంకొకాయన పూలకుండీలతో మెట్లన్నీ నింపి, ఇంట్లోవాళ్ళ చేత తిట్లు తినేవాడు. వాళ్ళకు దాని వల్ల వచ్చేది ఏమీ లేదు. బహుశా అందుకే అది వాళ్ళకు అంత ఇష్టం. పొద్దంతా ఒకరు చెప్పిన పని చేస్తాం. సాయంత్రం ఆ కాసేపు ఎవరూ చెప్పని పని చేస్తాం. పావురాల్లో ఇంకొకటి కూడా ఉంది. ఆకలి మీద ఉన్న గుంపును ఎగరేస్తాం. ఆకాశమంతా వాటిదే, ఎటైనా పోవచ్చు. అయినా గింజల డబ్బా ఆడించి, "ఆ... ఆ..." అని పిలిస్తే గిర్రున తిరిగి మన పిట్టగోడ మీద వాలతాయి. గోదాములో నా మాట వినేవాడు ఒక్కడూ లేడు. మిద్దె మీద మాత్రం నేను పిలిస్తే ఆకాశం నుంచి దిగివచ్చేవి ఉండేవి.

పావురాలవాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. ఎగిరేటప్పుడు రెండు గుంపులు కలిసిపోతే, ఒకరి పిట్ట దారి తప్పి ఇంకొకరి గుంపుతో దిగుతుంది. పట్టుకున్నవాడిదే పిట్ట. అడిగే హక్కు పోగొట్టుకున్నవాడికి లేదు. కానీ కొన్ని మిద్దెల మధ్య సులా ఉంటుంది, అంటే రాజీ. అలాంటి చోట దిగిన పిట్టకు నీళ్ళు చూపించి, చీకటి పడకముందే తీసుకుపోయి ఇచ్చేయాలి. మా రెండు మిద్దెల మధ్య సులా ఉండేది. నా పావురాలు ఎన్నోసార్లు అటు దిగాయి. ప్రతిసారీ పెద్దబాపే గల్లీ దాటి తెచ్చి ఇచ్చేవాడు. "నీ గుంపుకు మా ఇంటి గింజలే రుచి బిడ్డా" అని ఎగతాళి చేసేవాడు. వాళ్ళ పిట్ట ఒక్కటి కూడా ఎప్పుడూ మావైపు దిగలేదు. నేను పిలిచే పిలుపులో బలం లేదని చుట్టుపక్కల పావురాలవాళ్ళంతా అనేవారు.

అన్న పిట్టలమ్మే ముర్గీ చౌక్‌లో ఒక తెల్ల ఆడ పావురాన్ని కొని తెచ్చాడు. ఒళ్ళంతా తెలుపు, తోక నలుపు. ఆ నల్ల తోకలో నడిమి ఈక ఒక్కటే తెల్లగా ఉండేది. అది పైకి లేస్తే ఇటువైపు నేను చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని నిలబడి చూసేవాణ్ణి.

ఎండాకాలం చివర ఒక సాయంత్రం. గాలి దుమారంలా ఉంది. గాలి తగ్గేదాకా ఎగరేయొద్దని డ్యూటీకి పోతూ అన్న చెప్పి పోయాడట. పెద్దబాపు మనసు ఆగలేదు, ఎగరేశాడు. నాకూ ఆగలేదు. రెండు గుంపులూ గాలికి కలిసిపోయి, మూసీ వైపు కొట్టుకుపోయి, విడిపోయి వెనక్కి వచ్చాయి. నేను డబ్బా ఆడించి పిలిచాను. నా పిట్టలతో పాటు ఆ తెల్లది కూడా దిగింది. నా పిలుపుకు ఒక పరాయి పిట్ట దిగడం అదే మొదటిసారి. గింజలు తింటుంటే పట్టుకున్నాను.

ఇచ్చేయాలనే అనుకున్నాను. ఒక్క రాత్రి మా గూట్లో ఉంచుకుని పొద్దున్నే ఇచ్చేద్దామనుకున్నాను. అదే నేను చేసిన మొదటి తప్పు. పొద్దున అన్న షిఫ్టు దిగి వచ్చాడు. గల్లీకి ఇవతల ఉన్న నాకు వాళ్ళ లొల్లి అంతా వినిపించింది.

"వద్దంటే ఎందుకు ఎగరేసినవ్ బాపూ?"

"పిట్ట యాడికి పోలేదురా. ఎదురు మిద్దె మీద దిగింది. తోక ఇప్పింది, నడ్మల తెల్ల ఈక గూడ జూసిన."

"దిగితే వాడు తెచ్చియ్యడా? వాడట్లాంటోడు కాదు."

ఆ మాట అంటూనే అన్న మెట్లెక్కి మా ఇంటికి వచ్చాడు. నేను నిజం చెబితే, రాత్రే ఎందుకు ఇవ్వలేదని అడుగుతాడు.

"తమ్మీ, మా తెల్లది గిట్ల నీ మిద్దె మీద దిగిందా?"

"లేదన్నా, మా దిక్కు రాలే."

"గదే అనుకున్న. మా బాపుకు కండ్లు కనవడ్తలేవ్. ఏదో కాకిని జూసిండు."

అన్న గొంతులో నా మీద అనుమానం రవ్వంత కూడా లేదు. మా మధ్య కట్టుబాటు మీద అంత నమ్మకం. తండ్రి కళ్ళ కన్నా నా మాటే నమ్మాడు.

ఆ రోజే, పెద్దబాపు పైకి పోకుండా, వాళ్ళ మిద్దె తలుపుకు తాళం పడింది. తాళంచెవి అన్న జేబులో ఉండేది. డ్యూటీ నుంచి వచ్చాక తనే ఎగరేసుకునేవాడు. గల్లీ మొదట్లో ఇరానీ హోటల్ ఉండేది. చుట్టుపక్కల పావురాలవాళ్ళంతా ఐతారం పొద్దున అక్కడే చేరేవారు. అన్న అక్కడ కూడా ఆ సంగతి చెప్పుకుని బాధపడ్డాడు. వాళ్ళకు అదొక వేళాకోళం అయింది. పెద్దబాపు చాయ్ తాగడానికి వస్తే చాలు, "క్యా బాపూ, ఆజ్ కిత్తే కవ్వే ఉడాయే?" అని ఎవరో ఒకరు అడిగేవారు. ఈరోజు ఎన్ని కాకుల్ని ఎగరేశావని! అందరూ నవ్వేవారు. ఆయనా మొదట్లో నవ్వాడు. తర్వాత హోటల్‌కు రావడం మానేశాడు.

నేను కూడా ఆ నవ్వుల్లో కూర్చున్నాను. సాసర్‌లో చాయ్ పోసుకుని ఊదుకుంటూ తల దించుకున్నాను. ఒకసారి నవ్వాను కూడా. ఇది చెప్పకపోతే ఈ రాత సగం అబద్ధమే అవుతుంది.

ఇక ఆ పావురంతో నేను పొందిన సంతోషం ఏమిటో చెబుతాను. దాన్ని ఎగరేయడానికి వీల్లేదు. ఎగరేస్తే ఎదురింటికే పోతుంది. అందుకని రెక్కల్లో పెద్ద ఈకలు పీకేసి చీకటి గూట్లో పెట్టాను. ఎవరికీ చూపించడానికి లేదు, ఎండలో నిలబడి చూసుకోవడానికీ లేదు. అమ్మ ఒక్కతే చూసింది. "ఇదెవరిదిరా?" అంది. "ముర్గీ చౌక్‌ల తెచ్చిన" అన్నాను. ఆమె నా ముఖం వైపు చూసి కిందికి దిగిపోయింది. కొన్నాళ్ళకు జనగామ నుంచి వచ్చిన ఒక చుట్టానికి దాన్ని ఇచ్చేశాను. ఎగరని పావురం మీద ఇష్టం అంత తొందరగా చచ్చిపోతుందని నాకు అప్పుడే తెలిసింది.

పెద్దబాపు సాయంత్రాలు గడప ముందు గద్దె మీద కూర్చునేవాడు. గల్లీలో నుంచి ఆకాశం ఒక సన్నని చీలికలా తప్ప కనిపించదు. పైన రెక్కల చప్పుడు వినిపిస్తే తల ఎత్తేవాడు, గుంపు ఆ చీలిక దాటిపోయాక దించేవాడు. నేను గోదాము నుంచి వస్తుంటే ఆపేవాడు.

"బిడ్డా, ఎట్ల ఎగురుతున్నయ్ మావి?"

"మస్తు ఎగురుతున్నయ్ పెద్దబాపూ."

"గట్టిగ కట్టుకొని తిరుగుతున్నయా, ఇడిపోతున్నయా?"

"కట్టుకొనే తిరుగుతున్నయ్."

మొదట్లో ఒకటి రెండుసార్లు, "ఆ దినం నాకు నీ మిద్దె మీద దిగినట్టే అవుపడ్డది" అన్నాడు. తర్వాత మాట మారింది. "కండ్లు పోయినయ్ బిడ్డా. లేనిది అవుపడ్తది" అనడం మొదలుపెట్టాడు. చారులో ఉప్పు కలుపుకున్నానో లేదో అని కోడలిని అడిగేవాడు. రోడ్డు దాటడానికి ఎవరైనా తోడు వచ్చేదాకా నిలబడేవాడు. ఆయన కళ్ళకు ఏ రోగమూ లేదని ఆ గల్లీలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఏళ్ళు గడిచాయి. నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. నా పావురాలు తగ్గిపోయి, చివరికి గూళ్ళలో పాత సామాను చేరింది. రేపు చెబుదాం అనుకోవడం కూడా ఒక అలవాటులా అయిపోయింది. ఎనభైల నడిమిలో అన్నకు కంచన్‌బాగ్ దగ్గర క్వార్టర్ దొరికింది. ఒక సెలవు రోజు నన్ను పిలిచాడు. పెద్దబాపు మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"ఆ క్వార్టర్ల పిట్టలు పెంచనియ్యరు తమ్మీ. మా గుంపంత నువ్వే తీస్కో. ధూల్‌పేటాయన అడిగిండు గనీ నేను ఇయ్య. నమ్మకమున్న మిద్దె నీదొక్కటే."

ఆ గుంపును తీసుకుని ఇంటికి పోవడం చాలా సులువు. కానీ నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది. ఆ రోజు సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పాను. ఈకలు పీకింది, జనగామ పంపింది, ఏదీ దాచలేదు.

"మా బాపును గుడ్డోడంటిని" అన్నాడు అన్న. "నీ మాట నమ్మి, అందరి ముంగట అంటిని. పో, నా కండ్ల ముంగట ఉండకు. నా పిట్టలు నీకియ్య."

నేను లేచాను. పెద్దబాపు చెయ్యి ఎత్తి ఆపాడు.

"ఎన్నేండ్లు నా కండ్లనే తిట్టుకున్న గదరా" అన్నాడు. కోపంగా అనలేదు, లెక్క తేలినవాడిలా అన్నాడు. కొడుకు వైపు చూశాడు. అన్న జేబులోంచి మిద్దె తాళంచెవి తీసి మంచం మీద పెట్టాడు. పెద్దబాపు దాన్ని చేతిలోకి తీసుకుని, మళ్ళీ అక్కడే పెట్టేశాడు. మెట్లెక్కే శక్తి ఆయన మోకాళ్ళకు అప్పటికి లేదు. నేను ఆయన కాళ్ళు పట్టుకోబోయాను. కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"నాకు చెప్పుడు కాదు బిడ్డా. ఆ హోటల్ల చెప్పు."

ఐతారం పొద్దున అన్న, నేను చెరో పక్క పట్టుకుని ఆయన్ని హోటల్‌కు నడిపించుకుపోయాం. పాతవాళ్ళు కొందరే మిగిలారు. వాళ్ళలో ఒకాయన పెద్దబాపును గుర్తుపట్టి, అలవాటుగా, "క్యా బాపూ, కవ్వే..." అని మొదలుపెట్టాడు. నేను ఆ మాట్లాడినాయన ముందుకు పోయి నిలబడ్డాను. ఉర్దూలో చెబుదామనుకున్నాను గానీ మన భాషే వచ్చింది. చాయ్ పోసే మనిషి కూడా ఆగి చూశాడు.

"ఇగ ఆ మాట బంద్ చెయ్యిండ్రి. ఆ దినం ఈయన కాకిని జూడలే. వాళ్ళ తెల్ల పావురం నా మిద్దె మీదనే దిగింది. సులా ఉన్నా నేను దాచిపెట్టిన, లేదని అబద్ధమాడిన. మీరు నవ్వుతుంటె నేను గూడ ఈడ కూసొని నవ్విన. ఈయన కండ్లు మంచిగనే ఉండె. పెద్దబాపూ, నువ్వు జూసింది నిజం. తప్పు నాది. మాఫ్ చెయ్యి."