పైపు అందని మూల

పోయిన బుధవారం పదకొండు గంటలకు మా ఆఫీసు రిసెప్షన్‌కు నా కోసం ఫోన్ వచ్చింది. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, సముద్రాల అవతల ఏ డాక్టరో గొణిగిన మాటలు విని టైపు చేయడం నా పని. పని మధ్యలో ఫోనంటే సూపర్‌వైజరుకు పడదు, భయపడుతూనే వెళ్లాను. బోరబండ నుంచి మా పాస్టరుగారు. "మన టీచరమ్మ ప్రభువునందు నిద్రించిందమ్మా" అన్నారు. చనిపోవడాన్ని మా చర్చిలో అలా అంటాం. నాలుగు రోజుల జ్వరం, దవాఖానలో చేర్చి ఒక్క రోజు, అంతే. నాకు ముందు ఏడుపు రాలేదు. "నిద్రా? ఆమెనా?" అని అడిగాను. అటువైపు పాస్టరుగారు నవ్వబోయి ఏడ్చేశారు.

నిజంగానే, ఆమె కుదురుగా కూర్చోవడం కూడా మేమెవరం చూడలేదు. ఆవిడ గురించి దిగులుగా రాయమంటే నా వల్ల కాదు. తలుచుకుంటే చాలు, లేచి నాలుగడుగులు వేయాలనిపిస్తుంది. మీరు ఆమెను చూడలేదు కాబట్టి చూసినదాన్ని చెబుతున్నాను, కాస్త తొందరగా చెబితే ఏమనుకోకండి.

బోరబండలో రేకుల కప్పు కింద మా చర్చి. అక్కడ ఆదివారం ఆరాధనకు ముందు, పదిహేను నుంచి ఇరవై ఏళ్లున్న మాకు ఆమె సండే స్కూలు టీచరు. మిగతా ఆరు రోజులు కట్టే బిల్డింగుల మీద స్లాబులకు నీళ్లు పట్టే కూలి. స్లాబు పోసిన మర్నాడు దాని మీద చిన్న చిన్న గట్లు పెట్టి, వరిమళ్లలాగా చేసి, రోజుకు మూడుసార్లు నీళ్లు నింపాలి. పద్నాలుగు రోజులు అలా తడిపితేనే సిమెంటు గట్టిపడుతుంది. పాలమూరు నుంచి పనికోసం వచ్చినప్పుడు ఆమెకు అక్షరం ముక్క రాదు. ముప్పై దాటాక చర్చిలోనే, వాక్యం కింద వేలు పెట్టుకుని చదవడం నేర్చుకుంది. మాకు పాఠం చెప్పేటప్పుడు కూడా ఆ వేలు కదులుతూనే ఉండేది. కష్టమైన మాట ఒకటి గట్టెక్కితే చాలు, "వచ్చింది!" అని మా కంటే ముందు తనే చప్పట్లు కొట్టేది.

ఆ రోజులే అలాంటివి. మాదాపూర్‌లో బండలు పేలుస్తుంటే బోరబండలో మా గిన్నెలు కదిలేవి. కంప్యూటర్ కంపెనీల కోసం అంత పెద్ద గుండ్రటి బిల్డింగు అంతస్తు మీద అంతస్తు లేస్తుంటే మా ఈడు పిల్లలందరికీ కాళ్లు నేలమీద నిలిచేవి కావు. ఎవరిని కదిపినా కంప్యూటర్ నేర్చుకుంటున్నామనేవాళ్లు. టీచరమ్మ సంతోషం వేరు. బస్సు అటు పోతుంటే పక్కన ఎవరున్నా సరే మోచేత్తో పొడిచి, "గా నాలుగో అంతస్తుకు నీళ్లు వట్టింది నేనే" అని చూపించేది. లోపల ఏ కంప్యూటర్లు పెట్టారో ఆమెకు తెలియదు. కప్పు మాత్రం కురవదని ఆమెకు గట్టిగా తెలుసు.

ఆమె క్లాసులో ఒక నియమం ఉండేది. మా చర్చిలో ఆదివారం ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పవచ్చు, అంటే దేవుడు తనకేం చేశాడో, తనలో ఏం మారిందో నలుగురి ముందు చెప్పడం. కుర్రకారుకు అదంటే మహా సరదా. మైకు దొరుకుతుంది కదా! టీచరమ్మ అంది: "ఈడ చెప్పేముందు ఇంట్ల చెప్పుర్రి. మీ అమ్మ, మీ తమ్ముడు విని నవ్వకపోతే గప్పుడు వచ్చి మైకు వట్టుకోండ్రి." దాంతో మా సాక్ష్యాలు సగానికి సగం తగ్గిపోయాయి. మా క్లాసులో ఒకతను తనకు కోపం పోయిందని ఇంట్లో చెబితే వాళ్ల చెల్లెలు పొట్ట పట్టుకుని నవ్విందట. పాపం నాలుగు నెలలు ఆగాడు. నాలుగో నెల ఆ చెల్లెలే అతని పక్కన నిలబడి, "నిజమే, ఇప్పుడు తిడుతలేడు" అంది. అంత నమ్మదగిన సాక్ష్యం మా చర్చిలో నేను మళ్లీ వినలేదు.

ఇంకోసారి బయటి ఊరి నుంచి ఒక బోధకుడు వచ్చి, రెండు వేల సంవత్సరం రాగానే లోకం అంతమవుతుందని చెప్పి వెళ్లాడు. మాకు భయం, దానికి మించి హుషారు. పరీక్షలుండవేమో అని ఒకరు, కంప్యూటర్లు ఆగిపోతాయట అని ఒకరు. "ప్రభువు రేపే వస్తే నువ్వేం చేస్తావమ్మా?" అని అడిగాను. ఆమె ఆలోచించనైనా లేదు. "ఏం జేస్త? స్లాబు మీద ఉంట. జర ఆగు సామీ, గీ ఒక్క మడి నింపి నల్లా బంద్ జేసి వస్త అంట. ఆయన కూడ వడ్లపని చేసినోడే గదా, అర్థం జేసుకుంటడు."

ఇక నా సంగతి. ఇది చెప్పడానికి ఇప్పటికీ మొహం ఎర్రబడుతుంది.

డిగ్రీ అయింది. టైపింగ్ వచ్చు, బాగా వచ్చు. మాదాపూర్‌లో ఒక కొత్త ఆఫీసు పడింది, మనుషులు కావాలన్నారు. కానీ ఏడాది అనుభవం ఉండాలట. ఆ ఆదివారం నేను లేచి, ఏడాది అనుభవం అడుగుతున్నారు, ప్రార్థించండని మనవి చెప్పాను. అందరూ నాకోసం ప్రార్థించారు. బుధవారం అమీర్‌పేట్‌లో నాతో కంప్యూటర్ నేర్చుకునే అమ్మాయి ఒక సందులో దుకాణం చూపించింది. గంటలో గుండ్రటి స్టాంపుతో సహా అనుభవం కాగితం చేతిలో పడింది, నేను ఏడాది పాటు పనిచేశానని రాసి ఉంది. ఇక్కడ నా తెలివి చూడండి. అది దొంగ కాగితమని నాకు అనిపించలేదు. ఆదివారం ప్రార్థించాం, బుధవారానికి దొరికింది, ఇది జవాబు కాక మరేమిటి అనుకున్నాను! బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని దేవునికి స్తోత్రం కూడా చెప్పాను.

ఉద్యోగం వచ్చేసింది. సోమవారం చేరమన్నారు. ఆటో నడిపే మా నాన్న, చర్చికి క్రిస్మస్‌కు తప్ప రాని మనిషి, స్టాండులో ఉన్న ఆటోవాళ్లందరికీ చాయ్ తాగించి, "నా బిడ్డ గా గుండ్రటి బిల్డింగ్ పక్కనే కూసుంటది" అని చెప్పుకున్నాడు. ఆదివారం నేను మైకు పట్టుకుని గొంతెత్తి సాక్ష్యం చెప్పాను. రేకులు అదిరేట్టు అందరూ ఆమెన్ అన్నారు. మూడో వరుస చాప మీద ఒక్కరు మాత్రం అనలేదు.

ఆరాధన అయ్యాక టీచరమ్మ చాపలు చుడుతూ నన్ను పిలిచింది.

"బిడ్డా, ఏడాది పని చేసినోళ్లు గావాలె అన్నరంటివి గదా. రెండు వారాలల్ల ఏడాది ఎట్ల గడిచింది?"

నా మనవి అందరూ మరిచిపోయారు. ఆమె రోజూ దానికోసం ప్రార్థిస్తూ ఉంది కాబట్టి గుర్తుంది.

"అందరు గట్లనే కాగితం పెడుతున్నరమ్మా. నాకు పనొచ్చు. కాగితం ఒక్కటే లేకుండె" అన్నాను.

"ఇంట్ల చెప్పినవా?"

"ఉద్యోగం వచ్చిందని చెప్పిన."

"కాగితం సంగతి?"

నేను పక్క చాప చుట్టడం మొదలుపెట్టాను. ఆమె తిడుతుందనుకున్నాను, చాప గోడకు ఆనించి, "రేపు ఆఫీసుకు పోయేముందు కొత్తగూడలో నా పని కాడికి రా" అంది.

వెళ్లాను, కొత్త చుడీదార్ వేసుకుని మరీ. కడుతున్న అపార్ట్‌మెంట్ అది. మొదటి అంతస్తు స్లాబు కింద నన్ను నిలబెట్టి పైకి చూడమంది. మూలన సన్నగా ఒక పగులు, దాని మీద వేరే రంగు సిమెంటు పూత.

"గా పగులు నాది" అంది. "ఆ మూలకు పైపు అందది. బకెట్‌తోని మోయాలె. ఆదివారం మీకు నిజం చెప్పాలె అని పాఠం చెప్పిన. సోమారం నడుము నొస్తుందని గా మూలకు నీళ్లు వట్టలే. మేస్త్రి అడిగితే వట్టిన అన్న. ఒక్కదినం గాదు, ఐదు దినాలు. ఎవ్వలు చూడలే. నెలకు స్లాబే చెప్పింది."

"మరి మేస్త్రి ఏమన్నడు?"

"పగులు జూసి సిమెంటు మంచిది గాదేమో అన్నడు. ఊకుంటే అయిపోతుండె. ఊకోలేక చెప్పిన. నెల దినాలు పనిల వెట్టుకోలే."

నేను చేరబోయే ఆఫీసు అక్కడి నుంచి నడిచే దూరం. "ఇప్పుడు నన్నేం జేయమంటవమ్మా?" అని అడిగాను.

"నేను జెప్ప. గా సంగతి నువ్వు, దేవుడు మాట్లాడుకోండ్రి. నువ్వు ఏం జేసినా సరే, వచ్చే ఆదివారం నా చాప మీద నువ్వు నాకు గావాలె. గంతే." అంటూనే నా చేతికి ఒక బకెట్ అందించింది. "వచ్చినవు గదా, పైన కొత్త స్లాబుకు గూడ గదే మూల, ఒక్కటి మోసి పో."

మోశాను. సగం నీళ్లు మూలకు, సగం నా చుడీదార్‌కు. ఆ తడి బట్టలతోనే ఆఫీసుకు వెళ్లి మేనేజర్ ముందు నిలబడి కాగితం సంగతి చెప్పేశాను. ఆయన కోస్తా మనిషి, మర్యాదస్తుడు. "మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదండి" అన్నాడు ఆశ్చర్యంగా. తర్వాత పెన్నుకు మూత పెట్టేసి, "తెలిశాక తీసుకోలేనండి" అన్నాడు.

కథల్లో అయితే ఆయన నా నిజాయితీకి మెచ్చి ఉద్యోగం ఇచ్చేవాడు. ఇవ్వలేదు. బోరబండ దాకా నడుస్తూ దేవుణ్ణి, టీచరమ్మను, ఆ బకెట్‌ను, అందరినీ తిట్టుకున్నాను. ఇంట్లో చెబితే నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు. స్టాండులో ఆయన ఏమని చెప్పుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. శనివారం నేనే ఆయన ముందు కూర్చుని, "రేపు చర్చిల గిది చెప్తా నాన్నా" అని ఉన్నదున్నట్టు వినిపించాను. ఆయన నవ్వలేదు. "చెప్పు. నేను గూడ వస్త" అన్నాడు.

ఆదివారం మళ్లీ మైకు పట్టుకున్నాను. "పోయిన వారం నేను చెప్పిన సాక్ష్యం అబద్ధం. దొంగ కాగితం పెట్టిన. ఉద్యోగం పోయింది" అన్నాను. అందరూ తలలు దించుకున్నారు. ఆమెన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. అప్పుడు మూడో వరుస చాప మీది నుంచి ఆమె ఒక్కసారిగా లేచి, రెండు చేతులూ ఎత్తి, "ఆమెన్!" అని అరిచింది. ఎంత గట్టిగానంటే, వాకిట్లో నిలబడ్డ మా నాన్న ఉలిక్కిపడి, తనకు అలవాటు లేకపోయినా ఆమెన్ అన్నాడు. తర్వాత చర్చి మొత్తం అంది. ఉద్యోగం పోగొట్టుకున్న రోజున అంత సంతోషం ఎలా కలిగిందని నన్నడిగితే నేను చెప్పలేను. కలిగింది. ఎనిమిది నెలలకు ఇంకో ఆఫీసు, అనుభవం లేదని తెలిసే, నన్ను ట్రైనీగా తీసుకుంది. ఇప్పుడు చేస్తున్నది అక్కడే.

గురువారం ఆమెను మట్టిలో పెట్టాం. దవాఖానలో జ్వరంలో కూడా, "ఇయ్యాల ఎన్నో దినం?" అని అడుగుతూ ఉందట. తన రోజులు లెక్క పెట్టుకుంటోందని నర్సు అనుకుంది. స్లాబు రోజులని పాస్టరుగారికి అర్థమైంది. స్లాబు పోసిన ఆరో రోజున మంచం పట్టింది మరి. సమాధి దగ్గరే మా క్లాసువాళ్లం వంతులు వేసుకున్నాం, మిగిలిన రోజులు నీళ్లు మేం పడతామని. మొదటి వంతు నాది.

శుక్రవారం పొద్దున, షిఫ్టుకు ముందు కొత్తగూడ వెళ్లాను. బిల్డింగు వేరు కానీ మేస్త్రి ఆ రోజుల్లో ఆమెను పని మాన్పించిన మేస్త్రే. ఆమె మంచం పట్టినప్పటి నుంచి తనే పైపు పట్టుకుని తడుపుతున్నాడు. నేను ఎవరినో చెప్పాను.

"గా పగులు సంగతి ఆమెనే చెప్పినంక, మళ్ల ఆమె నీళ్లు వట్టిన స్లాబు నేనెన్నడు ఎక్కి చూడలే" అన్నాడు. "ఇప్పుడు చూసిన. గా మూలకు పైపు అందది. ఆడ బకెట్ ఉన్నది."

అది బోర్లించి ఉంది. చెయ్యి కోసుకుపోకుండా పిడికి పాత చీర గుడ్డ చుట్టి ఉంది. ఆ ఒక్క మడి ఎండి తెల్లబడింది. నేను బకెట్ నింపి, రెండు చేతులతో పట్టుకుని, ఒలకబోసుకుంటూ అంత దూరం నడిచి కుమ్మరించాను. సిమెంటు నల్లబడుతూ చుయ్‌మని నీళ్లు తాగింది. ఆఫీసు బట్టలు మళ్లీ తడిసిపోయాయి, నాకు నవ్వు ఆగలేదు. మడి నిండాలంటే ఇంకా ఆరేడు బకెట్లు పడుతుంది. ఎట్లా మోస్తున్నానో చూస్తున్నాడేమోనని మేస్త్రి కోసం వెనక్కి తిరిగాను. ఆయన పైపు గట్టు మీద పెట్టేసి, మూల వైపు తల కూడా తిప్పకుండా, మెట్లు దిగి వెళ్లిపోతున్నాడు.

నేను రెండో బకెట్ నింపుకున్నాను.