దుప్పటి ఇచ్చేసినవాడు

తునిలో పొద్దున్నే పాసింజరెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది, అదే పదివేలు. పిఠాపురంలో గుడి చూసుకుని ఎక్కిన ఒక పెద్దావిడ ఎక్కడికమ్మా అని అడిగింది. నిడదవోలులో దిగి బస్సెక్కి సబ్ జైలుకి వెళ్ళాలన్నాను. ఆవిడ ప్రసాదం అరటిపండు నా ఒళ్ళో పెట్టి, గొంతు తగ్గించింది.

"లోపల మీవాళ్ళెవరమ్మా?"

ఎవరూ లేరండి, మానసిక ఆసుపత్రిలో నర్సుని, వార్డర్లకి పాఠం చెప్పడానికి వెళ్తున్నానన్నాను. ఆవిడ నమ్మలేదు. ఇంకో పండు ఇచ్చింది.

రాజమండ్రి స్టేషన్లో ఇడ్లీ తిన్నాను. చట్నీ అంతా నీళ్ళే. మీరు వెళ్తే ఇంట్లోంచి కాస్త పచ్చడి పట్టుకెళ్ళండి. నిడదవోలులో దిగేసరికి పదయింది. అక్కణ్ణించి కాలవగట్టు మీద బస్సు.

వార్డర్లు బెంచీల మీద బుద్ధిగా కూర్చున్నారు. నిద్రపోకపోవడం, తిండి మానడం, ఉన్నవన్నీ పంచిపెట్టెయ్యడం, ఇవి కనిపిస్తే తేలిగ్గా తీసుకోవద్దని చెబుతున్నాను. వెనకబెంచీలో హెడ్ వార్డరు సత్యనారాయణగారు లేచి నిలబడ్డారు. బెయిలొచ్చినవాడు వెళ్ళేముందు సబ్బు, దుప్పటి ఉండిపోయేవాళ్ళకి ఇచ్చెయ్యడం అక్కడి ఆనవాయితీ.

"మా వెంకన్న నిన్న అన్నీ పంచేశాడండి. బెయిలొచ్చిందనుకుని భుజం తట్టాను. వాడికి బెయిలు రాలేదండి."

పాఠం అక్కడే ఆపేసి అతని గదికి వెళ్ళాం.

వెంకన్న చేపలు పట్టుకునే మనిషి. వలల గొడవలో అరెస్టయ్యాడు. గోడవైపు తిరిగి కూర్చుని, బాగానే ఉన్నానండి అన్నాడు. సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు అని సత్యనారాయణగారికి చెప్పాను. పాపం, ఆయనకి నోరు రావడం లేదు. చివరికి పక్కనే చతికిలబడ్డారు.

"చచ్చిపోదామనుకుంటున్నావేంట్రా తమ్ముడూ?"

వెంకన్న ఇటు తిరిగి, ఆ గొడవలో నా వలలన్నీ కాలిపోయాయి, ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్ళనండీ అని బావురుమన్నాడు. సత్యనారాయణగారు అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

సూపరింటెండెంటు గారు ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి జీపు పురమాయించారు. అందాకా ఒంటరిగా వదలొద్దన్నాను. సత్యనారాయణగారు తన క్యారేజీ విప్పి గోంగూర అన్నం కలిపారు.

"మీ వదిన వండింది. మిగిలిస్తే నన్ను తిడుతుంది."

వెంకన్న తిన్నాడు. దుప్పటి పుచ్చుకున్నవాడు దాన్ని మడతపెట్టి తెచ్చి, నువ్వే కప్పుకో అని అతని పక్కన పెట్టాడు. జీపు వెళ్ళాకే నేను బస్సెక్కాను.

సాయంత్రం నిడదవోలులో బండి లేటు. బెంచీ మీద పక్కావిడ ఎక్కణ్ణించమ్మా అంది. జైలు నుంచన్నాను. అయ్యో, ఎవరున్నారమ్మా అంది.

"తమ్ముడండి," అన్నాను. "ఇవాళ అన్నం తిన్నాడు."