దెబ్బ తిన్నవాడి వైపు నుంచి

పోయిన మంగళవారం పొద్దున ఫోన్ మోగింది. అవతల ఎవరో ఆడమనిషి, ఇంగ్లండు యాస. "నేను ఆయన చెల్లెల్ని. న్యూయార్క్‌లో అన్నయ్య అపార్ట్‌మెంట్ నుంచి మాట్లాడుతున్నాను. శనివారం గుండె ఆగిపోయింది. ఎవరెవరికి చెప్పాలో రాసి పెట్టాడు, మీ పేరే ముందుంది," అంది. చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయాను. మావారు వచ్చి స్టవ్ కట్టేశారు.

ఆయన పేరు మీలో ఎవరికీ తెలిసి ఉండదు. మొహం మాత్రం ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. ఇంగ్లండులో టీవీకి నాటకాలు రాసి, నటించి, డెబ్భైల చివర్లో అమెరికా వచ్చారు. ఇక్కడ పోలీసు సీరియళ్ళకి కథలు రాసేవారు. ఆ యాస వల్ల అప్పుడప్పుడు హంతకుడి వేషం కూడా దొరికేది. అప్పట్లో న్యూజెర్సీలోని ఐసెలిన్‌లో మా అపార్ట్‌మెంట్ కింది వాటా ఆయనదే. మనవాళ్ళంతా దొరగారనేవాళ్ళు. నాకు టైపింగ్ వచ్చని తెలిసి, స్క్రిప్టులు టైప్ చేసిపెడతావా అని అడిగారు.

అలా ఐదేళ్ళు నేను హత్యలు టైప్ చేశాను. కత్తిపోట్లు, గొంతు నులమడాలు, మెట్లమీంచి తోసెయ్యడాలు. రాసేముందు ఆయన ప్రతిదీ చేసి చూసేవారు. ఒకసారి నేను వెళ్ళేసరికి సోఫా దిండు పీక నొక్కుతూ చెమటలు కక్కుతున్నారు. "మూడు నిమిషాలైంది, ఇంకా చావలేదు. టీవీలో ఐదు సెకన్లలో పోతారు. పచ్చి అబద్ధం," అన్నారు రొప్పుతూ. "కొట్టేవాడి చెయ్యి అందరూ రాస్తారు. దెబ్బ తిన్నవాడి వైపు నుంచి రాయాలి," అని తనకు తనే చెప్పుకునేవారు. నేనిచ్చిన ఆవకాయ బ్రెడ్డు మీద రాసుకు తిని, కళ్ళనీళ్ళు కారుతుంటే, "ఇంత క్రూరత్వం నేనెప్పుడూ రాయలేదు," అనేవారు.

ఐదో ఏడు వేసవిలో ఒక ఆదివారం మధ్యాహ్నం. మావారు పార్కింగ్ లాట్‌లో కారులోంచి సామాన్లు దింపుతున్నారు. నేను పైన కిటికీ దగ్గరున్నాను. ఒక కారు వచ్చి ఆగింది. ముగ్గురు దిగారు. మీ దేశం పొమ్మని ఒకడు అరిచాడు. మావారు మళ్ళీ సామాన్ల వైపు తిరిగారు. మొదటి దెబ్బ మోకాలి మీద పడింది, బేస్‌బాల్ బ్యాట్‌తో. రెండోది మొహం మీద. ఆ చప్పుడు పైదాకా వినిపించింది. దెబ్బ అంత చిన్న చప్పుడు చేస్తుందని అనుకోలేదు.

చెప్పులు లేకుండా కిందికి పరిగెత్తాను. నాకంటే ముందే దొరగారు అక్కడున్నారు. కొన్ని వందల కొట్లాటలు రాసిన మనిషికి ఒక్క దెబ్బ వెయ్యడం చేతకాలేదు. మావారి మీద బోర్లా పడుకుని తల కప్పేశారు, అంతే. బ్యాట్ ఆయన వీపు మీద, భుజం మీద పడుతోంది. ఒకడు బూటుతో మూతి మీద తన్నాడు. రక్తం ఉమ్మేసి, ఆ కారు నంబరు చదవడం మొదలుపెట్టారు. స్టేజీ మీద పండిన గొంతు. అక్షరం అక్షరం విడదీసి, మళ్ళీ మళ్ళీ, దెబ్బ దెబ్బకీ ఇంకా పెద్దగా. అన్ని వైపులా కిటికీలు తెరుచుకున్నాయి. వాళ్ళు పారిపోయారు.

మావారి ఎడమ కన్ను పోయింది. దొరగారి చెయ్యి రెండు చోట్ల విరిగింది.

కోర్టులో వాళ్ళ లాయరు ఆయన్ని నవ్వుతూ అడిగాడు. "హింసని కల్పించడమే కదండీ మీ ఉద్యోగం? ఇది మాత్రం కల్పన కాదని జ్యూరీ ఎలా నమ్మాలి?"

"నేను కల్పించినవాటిలో డైరెక్టర్ కట్ అనగానే చచ్చినవాడు లేచి కాఫీ తాగుతాడు. ఆరోజు కూడా ఎవరైనా కట్ అంటారేమోనని చూశాను. ఎవరూ అనలేదు," అన్నారాయన. బ్యాట్ పట్టినవాడికి జైలు పడింది. మిగతా ఇద్దరినీ వదిలేశారు.

తర్వాత ఒకరోజు మా ఇంటికొచ్చి మావారిని అడిగారు. "ఇది రాయనా? మీరు వద్దంటే రాయను."

"రాయండి. కానీ నన్ను మరీ మంచివాణ్ణి చెయ్యకండి. కిందపడి ఉన్నప్పుడు వాళ్ళని చంపెయ్యాలనిపించింది. అదీ రాయండి," అన్నారు మావారు. నాకప్పటిదాకా ఆ మాట చెప్పలేదు.

అలాగే రాశారు. మోకాలి మీద దెబ్బ పడే పేజీ నేను టైప్ చెయ్యలేకపోతే, నన్ను లేపి తనే కూర్చుని ఒంటివేలితో టైప్ చేసుకున్నారు. సీరియల్ వాళ్ళకి కథ నచ్చింది. రెండే మార్పులు అడిగారు. దెబ్బలు తిన్నవాడు మొదటి సీన్లోనే చచ్చిపోవాలి, చివర్లో డిటెక్టివ్ ఆ ముగ్గురినీ చితక్కొట్టాలి. "అప్పుడిక అతను మాట్లాడడానికి ఉండడు కదా," అని స్క్రిప్టు వెనక్కి తెచ్చేసుకున్నారు. ఆ తర్వాత ఆయన్ని పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. న్యూయార్క్‌లో ఒంటిగది అపార్ట్‌మెంట్‌కి మారిపోయారు. బట్లర్లలాంటి నౌకరు వేషాలు, శవాల వేషాలు వేసేవారు. "గురువారం మళ్ళీ చస్తున్నాను, చూడండి," అని ఫోన్ చేసేవారు. బాధపడుతూ ఒక్కమాట అనగా నేను వినలేదు.

చివరికి ఆ కథని నాటకం చేసి ఒక చర్చి బేస్‌మెంట్‌లో ఆడారు. ముప్ఫై కుర్చీలు కూడా నిండలేదు. బ్యాట్ పట్టేవాడి వేషానికి ఎవరూ ఒప్పుకోకపోతే ఆయనే వేశారు. ఆరోజు వాళ్ళు అరిచిన మాటలే, ఆ గొంతుతోనే అరిచారు. నేను తల దించేసుకున్నాను. మావారు మాత్రం ఉన్న ఒక్క కంటితో చివరిదాకా చూశారు. అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జనం మెల్లగా లేచి వెళ్ళిపోయారు.

మేం తెర వెనక్కి వెళ్ళాం. ఆయన అద్దం ముందు కూర్చుని ఉన్నారు. మొహం మీది రంగు తీసుకుందామంటే చేతులు నిలవడం లేదు. మావారు పక్కనున్న తువ్వాలు కుళాయి కింద తడిపి, పిండి, ఆయన నుదురు తుడిచారు. తర్వాత కనురెప్పలు, బుగ్గలు. ఆయన కళ్ళు మూసుకుని, గడ్డం కొంచెం పైకెత్తి, అలా కూర్చుని తుడిపించుకున్నారు.